స్టీమ్ ఓఎస్ వేస్తే విండోస్ తీసేయొచ్చా? ముందు మీరు ఏ గేమ్ ఆడతారో చెప్పండి

ఈ ఎపిసోడ్ గేమింగ్ గురించే, కానీ ఏ ఒక్క గేమ్ గురించీ కాదు. గేమ్ కింద కూర్చుని దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి. ఈమధ్య నాకు మెసేజ్‌లలో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, స్టీమ్ ఓఎస్ ఫ్రీ అంట కదా, విండోస్ పీకేసి అది వేసేయొచ్చా?"

ఈ ప్రశ్నకి నేను ఒకసారి ఆలోచించకుండా "వేసేయొచ్చు" అనేశాను. అనడమే కాదు, దగ్గరుండి వేసి కూడా ఇచ్చాను. ఏమైందో ముందు అదే చెప్తాను.

ఖమ్మంలో మా బాబాయ్ కొడుకు ఉన్నాడు, బీటెక్ ఫస్ట్ ఇయర్. వాడిది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. ఒక్క తరం తేడాతో పోయింది. బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, బాగానే పనిచేస్తోంది కదా ఇది, మళ్ళీ కొత్తది కొనాలా?" అన్నాడు. నేను హీరోలాగా, "ఏం అక్కర్లేదు బాబాయ్, ఆదివారం వస్తా" అన్నాను.

వెళ్ళాను. స్టీమ్ ఓఎస్‌కి దగ్గరి చుట్టం అనదగ్గ బజైట్ అనే ఉచిత సిస్టమ్ వేశాను. సాయంత్రానికి హాలో నైట్ గేమ్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. పిన్ని గారెలు చేసింది, తిని బస్సెక్కాను. సూర్యాపేట దాటానో లేదో ఫోన్. "అన్నా, మా గేమ్ ఓపెన్ కావట్లేదు." ఏ గేమ్ రా అంటే, వాడూ హాస్టల్‌లో ఇంకో నలుగురూ రోజూ రాత్రి కలిసి ఆడే షూటింగ్ గేమ్ అట. పేరు ఇక్కడ అనవసరం. విండోస్‌లో తప్ప ఆడదు. సెట్టింగ్ మారిస్తే వచ్చేది కాదు, ఏం చేసినా రాదు. రెండు రోజుల తర్వాత వాడే చెప్పాడు, "వాళ్ళు ఇంకొకడిని తీసుకున్నారన్నా."

నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడిని. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని అడిగాను గానీ, "నువ్వేం ఆడతావు రా?" అని అడగలేదు. స్టీమ్ ఓఎస్ భవిష్యత్తు మొత్తం నిజానికి ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంది. ఎందుకో చూద్దాం.

స్టీమ్ అంటే మీకు తెలిసిందే, పీసీ గేమ్స్ అమ్మే అతిపెద్ద ఆన్‌లైన్ షాపు. దాని ఓనర్ వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ. దాని అధిపతి గేబ్ న్యూవెల్ అంతకుముందు 13 ఏళ్ళు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మనిషి. విండోస్ 8 వస్తున్నప్పుడు, అంటే 2012లో, అది పీసీ రంగంలో అందరికీ విపత్తే అని బహిరంగంగా అన్నాడు. ఆయన భయం అర్థం చేసుకోవడం తేలికే. విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ కూడా వచ్చింది. మీ షాపు వేరేవాడి కాంప్లెక్స్‌లో ఉంది, ఆ కాంప్లెక్స్ ఓనర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో అదే సరుకుతో షాపు తెరిచాడు అనుకోండి. రేపు మీ మెట్ల దారి మూసేస్తే? అందుకని వాల్వ్ సొంత స్థలం చూసుకోవడం మొదలుపెట్టింది. 2013లో లైనక్స్ మీద స్టీమ్ ఓఎస్ ప్రకటించింది. 2015 నవంబర్‌లో ఆ సిస్టమ్‌తో స్టీమ్ మెషీన్స్ పేరుతో టీవీ పక్కన పెట్టుకునే పీసీలు వేరే కంపెనీల చేత అమ్మించింది.

ఘోరంగా ఫెయిల్ అయ్యింది. కారణం సింపుల్. అప్పట్లో లైనక్స్‌లో ఒక గేమ్ ఆడాలంటే, ఆ గేమ్ తీసినవాళ్ళే దాన్ని లైనక్స్ కోసం మళ్ళీ తయారుచేయాలి. సినిమా భాషలో చెప్పాలంటే రీమేక్. ఖర్చు, టైము, మళ్ళీ టెస్టింగ్. ఒక శాతం మంది ప్రేక్షకుల కోసం రీమేక్ ఎవరు తీస్తారు చెప్పండి? తీయలేదు. 2018లో స్టీమ్ స్టోర్ మెనూలోంచి స్టీమ్ మెషీన్స్ లింక్ కూడా మాయమైంది. అందరూ కథ అయిపోయింది అనుకున్నారు.

అదే 2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్ విడుదల చేసింది. ఇది రీమేక్ కాదు, డబ్బింగ్.

కొంచెం నెమ్మదిగా చెప్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది. విండోస్ గేమ్ తెర మీద ఒక చెట్టు గీయాలంటే డైరెక్ట్ఎక్స్ అనే భాషలో అడుగుతుంది. ఆ భాష విండోస్‌కే తెలుసు. లైనక్స్‌కి తెలిసిన గ్రాఫిక్స్ భాష వల్కన్. ప్రోటాన్ మధ్యలో కూర్చుని, గేమ్ డైరెక్ట్ఎక్స్‌లో అడిగిన ప్రతి మాటనీ అప్పటికప్పుడు వల్కన్‌లో చెప్తుంది. ఫైల్ తెరవమన్నా, సౌండ్ ఇవ్వమన్నా అంతే. గేమ్‌కి తను విండోస్‌లో లేననే సంగతే తెలియదు. సినిమా అదే, షాట్లు అవే, గొంతు మాత్రం మారింది. మీ ప్రాసెసర్ ఎటూ అదే కాబట్టి, ఇంకో కంప్యూటర్‌ని మొత్తం నకలు చేయాల్సిన పని లేదు. అందుకే స్పీడ్ పెద్దగా పడిపోదు.

ప్రోటాన్ ఒక్క రోజులో పుట్టింది కాదు. దాని పునాది వైన్ అనే ప్రాజెక్ట్ 1993లో మొదలైంది, అంటే మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. డైరెక్ట్ఎక్స్‌ని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అనే ముక్కని ఫిలిప్ రెబోలే అనే డెవలపర్ మొదలుపెట్టాడు, నియర్ ఆటోమాటా అనే గేమ్‌ని లైనక్స్‌లో ఆడుకోవాలని. ఒక గేమ్ ఆడాలన్న పట్టుదల! వాల్వ్ ఆయనకి డబ్బులిచ్చి అదే పని పూర్తిస్థాయిలో చేయించుకుంది. నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం ఇదే.

ఒక్కోసారి డబ్బింగ్ ఒరిజినల్ కంటే బాగుంటుంది కూడా. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు విండోస్ పీసీల్లో మధ్యమధ్యలో ఆగి ఆగి నడిచేది. ప్రోటాన్ తమ చేతిలోనే ఉంది కాబట్టి, వాల్వ్ ఇంజినీర్లు అనువాదం చేసే దశలోనే దానికి మందు వేశారు. స్టీమ్ డెక్‌లో ఆ కుదుపులు బాగా తగ్గాయి.

స్టీమ్ డెక్ అంటే 2022 ఫిబ్రవరిలో వచ్చిన చేతిలో పట్టుకునే గేమింగ్ పీసీ. 7 అంగుళాల తెర, ఏఎండీ చిప్, 16 జీబీ ర్యామ్. అందులో ఉన్నది స్టీమ్ ఓఎస్ 3. పాతది డెబియన్ మీద కట్టింది, ఇది ఆర్చ్ లైనక్స్ మీద కట్టింది. కొన్నవాళ్ళలో చాలామందికి తాము లైనక్స్ వాడుతున్నామని కూడా తెలియదు. బటన్ నొక్కితే నిద్రపోతుంది, మళ్ళీ నొక్కితే గేమ్ ఆపిన చోటి నుంచే లేస్తుంది, మన ఫోన్ లాగా.

తర్వాత 2025 మే నెలలో లెనోవో వాళ్ళ లీజియన్ గో ఎస్ స్టీమ్ ఓఎస్‌తో వచ్చింది. వాల్వ్ బయటి కంపెనీ డివైజ్‌లో అధికారికంగా స్టీమ్ ఓఎస్ రావడం అదే మొదలు. దీని ప్రత్యేకత ఏంటంటే, అదే డివైజ్ విండోస్‌తో కూడా దొరుకుతుంది. ఒకే బండి, ఇద్దరు డ్రైవర్లు. ఇంతకంటే న్యాయమైన పోటీ ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రివ్యూయర్లకి చాలా గేమ్స్‌లో స్టీమ్ ఓఎస్‌లోనే ఎక్కువ ఫ్రేమ్స్ వచ్చాయి, చిన్న గేమ్స్‌లో బ్యాటరీ కూడా ఎక్కువసేపు వచ్చింది. విండోస్ కోసం రాసిన గేమ్, విండోస్ కంటే అనువాదంలో బాగా ఆడటం! మైక్రోసాఫ్ట్ ఊరికే కూర్చోలేదు. 2025 అక్టోబర్‌లో వచ్చిన రోగ్ ఎక్స్‌బాక్స్ అలై కోసం డెస్క్‌టాప్ బరువు తగ్గించి, నేరుగా గేమ్స్‌లోకి వెళ్ళే ఫుల్ స్క్రీన్ మోడ్ తెచ్చింది. పోటీ లేకపోతే ఇది వచ్చేదా అన్నది నా డౌట్.

ఇక ఉచితం మాట. స్టీమ్ ఓఎస్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, నిజమే. కానీ వాల్వ్ ధర్మసత్రం నడపడం లేదు. స్టీమ్‌లో గేమ్ అమ్ముడైతే మామూలుగా అందులో 30 శాతం వాల్వ్‌కి వెళ్తుంది. షాపు దాకా రోడ్డు తనే వేయించాడు, రోడ్డు మీద టోల్ లేదు, అంతే. అయితే ఒక మంచి సంగతి ఉంది. ఆ రోడ్డు మీద వేరే బళ్ళు కూడా వెళ్ళొచ్చు. ప్రోటాన్ కోడ్ బహిరంగం. దాన్ని తీసుకునే బజైట్ లాంటివి వచ్చాయి, ఎపిక్ స్టోర్‌లో కొన్న గేమ్స్‌ని లైనక్స్‌లో ఆడించే హీరోయిక్ లాంచర్ వచ్చింది. ఇంగ్లీష్‌లో ఫ్రీ అనే ఒక్క మాటకి మన దగ్గర రెండు మాటలున్నాయి, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ప్రోటాన్‌లో రెండూ ఉన్నాయి. స్టీమ్ యాప్‌లో మాత్రం మొదటిదే ఉంది, దాని కోడ్ వాల్వ్ ఎవరికీ చూపించదు.

సరే, ఇంత బాగుంటే మా తమ్ముడి గేమ్ ఎందుకు ఆడలేదు?

యాంటీ-చీట్. ఆన్‌లైన్ గేమ్స్‌లో గోడల వెనక మనుషులు కనపడేలా, గురి దానంతటదే కుదిరేలా మోసం చేసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, వాటిని పట్టుకునే కాపలాదారు. మామూలు కాపలాదారు గేటు దగ్గర ఉంటాడు. కానీ ఈ మోసగాళ్ళు ఇంటి లోపలే, కెర్నల్ అనే చోట దాక్కోవడం నేర్చుకున్నారు. కెర్నల్ అంటే సిస్టమ్ గుండెకాయ. మెమరీ, కీబోర్డు, డిస్క్, అన్నీ దాని చేతిలోనే. దాంతో కాపలాదారు కూడా, "నేను గేటు దగ్గర ఉంటే లాభం లేదు, మీ పడగ్గదిలో పడుకుంటాను, బీరువా తాళాలు ఇవ్వండి" అన్నాడు. వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ ఇలాంటిదే. విండోస్‌లో కోట్లమంది ఆలోచించకుండా తాళాలు ఇచ్చేశారు.

లైనక్స్‌లో ఇబ్బంది ఏంటంటే, అక్కడ ఇంటి ఓనర్ మీరే. ఇష్టం వచ్చినట్టు గోడలు మార్చుకోవచ్చు, కెర్నల్‌నే మార్చి కొత్తది కట్టుకోవచ్చు. ఓనర్ గోడలే మార్చగలిగినప్పుడు, తను చూస్తున్నది నిజం గోడో కాదో కాపలాదారుకి నమ్మకం ఉండదు. ఇది సాకు కాదు, నిజమైన ఇబ్బందే. పైగా ప్రోటాన్ అనువాదం కెర్నల్ దాకా వెళ్ళదు. విండోస్ కెర్నల్ కోసం రాసిన డ్రైవర్‌ని లైనక్స్ కెర్నల్‌లో ఎక్కించే డబ్బింగ్ లేదు.

కెర్నల్ దాకా వెళ్ళకుండానే ప్రోటాన్‌లో పనిచేసే దారి ఉంది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్ఐ రెండూ 2021లోనే ఆ దారి తెరిచాయి. కాకపోతే స్విచ్ వేయాల్సింది గేమ్ కంపెనీ. చాలామంది వేయలేదు. ఫోర్ట్‌నైట్ వేయలేదు. ఈజీ యాంటీ-చీట్ కూడా ఎపిక్ వాళ్ళదే అయినా సరే! లైనక్స్‌లో రకరకాల కెర్నల్స్ ఉంటాయి, అంత పెద్ద ఎత్తున చీటర్లని అడ్డుకోగలమన్న నమ్మకం మాకు లేదని వాళ్ళ బాస్ టిమ్ స్వీనీ చెప్పాడు. ఇంకొందరు వేసిన స్విచ్ తీసేశారు. ఏపెక్స్ లెజెండ్స్ స్టీమ్ డెక్‌లో హాయిగా ఆడేది. లైనక్స్ దారిలో చీటర్లు వస్తున్నారని 2024 అక్టోబర్ ఆఖర్లో మూసేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జీటీఏ 5 ఆన్‌లైన్‌కి బ్యాటిల్ఐ పెట్టి, లైనక్స్‌కి స్విచ్ వేయలేదు. కథ మోడ్ ఆడుతుంది, ఆన్‌లైన్ ఆడదు. నిన్నటిదాకా ఆడినది రేపు ఆడకపోవచ్చు. నన్ను అడిగితే, మొదటి నుంచి ఆడని గేమ్ కంటే ఇదే ఎక్కువ బాధ, ఎందుకంటే డబ్బులు అప్పటికే కట్టేసి ఉంటారు.

కంపెనీ వైపు నుంచి లెక్క చూడండి. స్టీమ్ తన యూజర్ల మీద నెలనెలా చేసే సర్వేలో లైనక్స్ వాటా 2025 అక్టోబర్‌లో మొదటిసారి 3 శాతం దాటింది. మ్యాక్ కంటే ఎక్కువ. స్టీమ్‌కి నెలకి 13.2 కోట్లమంది వస్తారని 2021లో వాల్వే చెప్పింది. ఆ లెక్కన 3 శాతం అంటే 40 లక్షల దాకా. తక్కువేం కాదు. కానీ విండోస్ దాదాపు 95 శాతం. ఆ 40 లక్షల కోసం కొత్తగా ఒక యాంటీ-చీట్ టీమ్ పెట్టాలా అని మీటింగ్‌లో ఎవరో అడుగుతారు, ఎవరూ సమాధానం చెప్పరు, ఆ టికెట్ అలాగే పెండింగ్‌లో ఉండిపోతుంది. నేను అలాంటి మీటింగుల్లో కూర్చున్నవాడినే కాబట్టి ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. గేమ్స్ రాక జనం రారు, జనం రాక గేమ్స్ రావు.

ఈ ముడి ఎటు విడిపోతుంది? రెండు వైపులా లాగుతున్నాయి. ఒకవైపు, 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు ఆగిపోయాయి, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో కూడా ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది కూడా కెర్నల్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేరే. ఆ దెబ్బకి యాంటీవైరస్ లాంటివాటిని కెర్నల్ బయటికి తెచ్చే పని మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టింది. యాంటీ-చీట్లు కూడా ఏదో ఒకరోజు అదే దారిలో బయటికొస్తే, లైనక్స్‌కి అడ్డుగోడ బాగా తగ్గుతుంది. ఇంకోవైపు, బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి కొత్త గేమ్స్ సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే తెరుచుకోవడమే లేదు. అంటే తాళాలు ఇంకా బిగుస్తున్నాయి. వచ్చే రెండుమూడేళ్ళూ ఈ రెండోదే గెలుస్తుందని నా అంచనా.

వాల్వ్ వేసిన తర్వాతి ఎత్తు జనాన్ని పెంచడం. 2025 నవంబర్‌లో మళ్ళీ స్టీమ్ మెషీన్ ప్రకటించింది, అదే పాత పేరుతో. ఈసారి తయారీ కూడా తనదే. స్టీమ్ డెక్ కంటే ఆరు రెట్లకి పైగా పవర్ అని చెప్పింది. దాంతో పాటు స్టీమ్ ఫ్రేమ్ అనే వీఆర్ హెడ్‌సెట్ ప్రకటించింది. ఫోన్‌లో ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళకి నా దృష్టిలో అసలు వార్త ఇదే. దాంట్లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3, అంటే వన్‌ప్లస్ 12లో ఉండే చిప్. ఫోన్ చిప్ మీద స్టీమ్ ఓఎస్! ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం రాసిన గేమ్‌ని ఫోన్ చిప్‌కి అర్థమయ్యేలా మార్చడానికి ఫెక్స్ అనే ఇంకో అనువాదకుడు ఉంటాడు. డబ్బింగ్ మీద డబ్బింగ్ అన్నమాట, కొంత స్పీడ్ పోతుంది. కానీ ఈ దారి గట్టిపడితే పీసీ గేమ్ అంటే పీసీ ఉండాల్సిందే అన్న మాట పాతబడుతుంది. ఇప్పటికే ఆండ్రాయిడ్‌లో విన్‌లేటర్ అనే యాప్ వైన్ సాయంతోనే పాత పీసీ గేమ్స్ ఆడిస్తోంది. ట్రై చేస్తే అసలు డెవలపర్ పేజీ నుంచే తీసుకోండి, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఏపీకేల జోలికి పోకండి.

మన దగ్గర పరిస్థితి కొంచెం వేరు. స్టీమ్ డెక్‌ని వాల్వ్ ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. ఎవరో తెప్పించింది కొనాలి, వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు. ఇక్కడ అమ్ముడయ్యే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ ఎన్‌విడియా కార్డులవే, స్టీమ్ ఓఎస్ ప్రధానంగా ఏఎండీ కోసం కట్టింది. ఎన్‌విడియా ఉన్నవాళ్ళకి బజైట్ లాంటివే దారి, అందులోనూ డైరెక్ట్ఎక్స్ 12 గేమ్స్‌లో విండోస్ కంటే కొంత వెనకబడతాయి. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్‌ని ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్ళు అయితే అసలు అటు చూడకండి, బ్లూస్టాక్స్‌కి లైనక్స్ వెర్షనే లేదు.

కాబట్టి వేసేయొచ్చా అంటే, మీరు రోజూ ఆడే మూడు గేమ్స్ పేర్లు కాగితం మీద రాయండి. ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఒక్కోదాన్ని వెతకండి, ఆడినవాళ్ళే రిపోర్ట్ రాస్తారు. ఆన్‌లైన్ గేమ్ అయితే తేదీ చూడండి, ఆరు నెలల పాత రిపోర్ట్‌ని నమ్మొద్దు. మూడూ ఒంటరిగా ఆడేవే అయితే ధైర్యంగా ముందుకెళ్ళండి, నేను మా ఇంట్లో డెస్క్‌టాప్ మీద ఏడాదిగా అలాగే ఆడుతున్నాను. మూడింట్లో ఒక్కటి కెర్నల్ యాంటీ-చీట్‌ది ఉన్నా విండోస్ తీయొద్దు. సరదాగా చూడాలంటే వేరే ఎస్ఎస్‌డీ మీద వేసుకోండి. దానికి ముందు బ్యాకప్ తీసుకోండి, బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగ్స్ మార్చగానే అది కీ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే ప్రాజెక్ట్ రిపోర్ట్‌తో సహా అన్నీ పోతాయి.

మా తమ్ముడి సంగతి అడుగుతారు కదా. తర్వాతి ఆదివారం మళ్ళీ ఖమ్మం వెళ్ళాను. విండోస్ 10 తిరిగి వేసి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఏడాది అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి వాడి అకౌంట్‌తో నమోదు చేశాను. అది 2026 అక్టోబర్ దాకా వస్తుంది. టీమ్‌లో వాడి చోటు తిరిగి దొరకడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. బజైట్‌ని పూర్తిగా తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు, "హాలో నైట్ సగంలో ఉందన్నా" అని ఒక పాత ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో వేయించుకున్నాడు. బాబాయ్ మాత్రం బస్‌స్టాండ్‌లో దింపుతూ మళ్ళీ అదే అడిగాడు, "మరి అక్టోబర్ తర్వాత ఏం చేద్దాం రా?" నా దగ్గర సమాధానం లేదు. ఉన్నరోజు ఇంకో ఎపిసోడ్ చేస్తాను. మీ మూడు గేమ్స్ పేర్లు, ల్యాప్‌టాప్ మోడల్ కింద రాయండి, ఎక్కువమందివి ఏవో చూసి నేనే టెస్ట్ చేసి చూపిస్తా. ఉంటాను మరి.